ఉలవచారులో చెర్రీ పులుపు

పోయిన భాగంలో చరితని మనం గుమ్మంలో వదిలేశాం. ఒక కాలు లోపల, ఒక కాలు వీధిలో, కళ్ళు బోర్డు మీద.

లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, భార్య వీసా మీద డిపెండెంట్‌గా నెలల తరబడి ఇంట్లో కూర్చున్న రవికి మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఆ సంతోషంలో శనివారం మధ్యాహ్నం భోజనానికని శివారు ట్రాయ్ నుంచి డెట్రాయిట్ వచ్చారిద్దరూ. బుక్ చేసుకున్న చోట టేబుల్ ఖాళీ కాలేదు. ఈలోగా వీధి చివరిదాకా నడిచొద్దామంది చరిత. అటు ఏమీ లేదు, రోడ్డు తవ్వేశారు అన్నాడు రవి. రోడ్డు తవ్వలేదు. వీధి చివర కొత్త రెస్టారెంట్ ఉంది. దాని పేరు ‘రోకలి’.

ఆ పేరు పెట్టింది చరిత. పోయిన వేసవిలో, తన కారులో, పక్క సీట్లో స్నేహితురాలు స్పందన ఉండగా. మూడో మనిషికి చెప్పలేదు. ఆ స్పందనే చలికాలం మొదలైనప్పటి నుంచీ ఫోన్ ఎత్తడం లేదు.

“చరీ, ఇక్కడ వద్దు,” అన్నాడు రవి ఆమె మోచెయ్యి పట్టుకుని. “కొత్త ప్లేస్. రివ్యూలు కూడా లేవు.”

“రివ్యూలు లేని చోటికి ముందు వెళ్ళడమే కదా సరదా,” అంది చరిత. గొంతు మామూలుగానే ఉంది. రెండో కాలు కూడా లోపల పెట్టింది.

ఆ పేటలో శనివారాలు చాలాకాలం చరితవీ స్పందనవీ. పాత రైల్వే స్టేషన్ మళ్ళీ వెలిగాక అక్కడ గోడలు బొమ్మలతో నిండాయి, గిడ్డంగులు లాఫ్ట్ ఫ్లాట్లయ్యాయి, మంగలి షాపు కాఫీ షాపయింది. వారానికో కొత్త వంట పుట్టుకొచ్చేది. ఒకచోట హలీమ్ పోసిన పాస్తా. ఇంకోచోట కొరియా ఊరగాయ కిమ్చీ వేసిన డెట్రాయిట్ హాట్‌డాగ్. మరోచోట మిరియాల రసాన్ని మార్టినీ గ్లాసులో పోసి, పైన కరివేపాకు రెబ్బ గుచ్చి తెచ్చారు. చరిత ముందు దానికి దండం పెట్టి, తర్వాత తాగింది. తిన్నాక ఇద్దరూ కారులో సీట్లు వెనక్కి వాల్చుకుని మార్కులు వేసేవాళ్ళు. అలా వేస్తున్న ఒకరోజే స్పందన అంది, “మనమే పెడితే?” అని.

ఈ ‘రోకలి’ ఉన్న భవనం ఒకప్పుడు టైర్ల షాపు. షాపు పోయింది గానీ దాని బోర్డు పోలేదు. లోపల ఇటుక గోడ మీద, చిన్న దీపాల మధ్య, తుప్పుతో సహా దాన్ని అలంకారంగా బిగించారు. టైర్లు పేర్చే ఇనప స్టాండ్ల నిండా ఇత్తడి గిన్నెలు. అన్ని టేబుళ్ళూ నిండి ఉన్నాయి.

మెనూ ఒకే ఒక్క అట్టముక్క. పైన రెండు వాక్యాలు: ‘అమ్మమ్మ వంటింటి నుంచి మా డెట్రాయిట్ దాకా. ప్రేమతో, స్పందన.’

చరితకి నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. స్పందన అమ్మమ్మ వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉంటుంది. పొద్దున ఓట్స్, సాయంత్రం టమాటా సూప్. ఆవిడ రోకలి పట్టుకోగా చూసినవాళ్ళు లేరు.

కింద వంటకాలు. పెసరట్టు టాకో. గోంగూర పిజ్జా, అదీ డెట్రాయిట్ తరహాది, నలుచదరంగా, అంచుల్లో చీజు మాడి కరకరలాడేది. ఉలవచారు రామెన్. ఏది ముందు తినాలో ఏది తర్వాత తినాలో చరిత పెట్టిన వరస కూడా మార్చలేదు.

“ఉలవచారు రామెన్,” అంది చరిత, ఆర్డర్ తీసుకోవడానికి వచ్చిన అమ్మాయితో. “నువ్వు?”

“నాకు ఆకలి లేదు. వాటర్ చాలు,” అన్నాడు రవి. కారులో ఏనుగునైనా తినేస్తానన్న మనిషి.

ఇక్కడ కొత్త పాఠకులకి ఒక మాట చెప్పాలి. చరిత ట్రాయ్‌లో ఒక ఆటో పార్ట్స్ కంపెనీలో బ్రేకుల ఇంజినీర్. హెచ్‌వన్ వీసా. ఆ వీసా మీద ఉన్న మనిషి తన కంపెనీలో తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. అందుకని స్పందనతో కలిసి ఒక బీరు కంపెనీ వంటగదిలో పాప్-అప్‌లు, అంటే ఒక్కపూట హోటళ్ళు, పెట్టిన రోజుల్లో చరిత చాలా జాగ్రత్తపడింది. పోస్టర్ మీద పేరు వద్దంది. జీతం వద్దంది. ఎవరైనా అడిగితే ఫ్రెండ్‌కి హెల్ప్ చేస్తున్నాను అంది. స్పందన ట్రాయ్‌లోనే పుట్టింది, సిటిజన్. పేరు ఆమెది, చెయ్యి చరితది. రవి గిన్నెలు కడిగేవాడు. గ్రీన్ కార్డు వచ్చాక అసలు రెస్టారెంట్, అప్పుడు ఇద్దరి పేర్లూ బోర్డు మీద అనుకున్నారు. ఎక్కడా తన పేరు పడకుండా అంత శ్రద్ధగా చూసుకుంది చరిత. ఆ శ్రద్ధ ఫలించింది. ఎక్కడా తన పేరు లేదు.

బౌల్ వచ్చింది.

పొయ్యి మీద గంటలకొద్దీ మరిగి చిక్కబడ్డ ఉలవచారు. అందులో నూడుల్స్, చీల్చిన గుడ్డు, పైన వెల్లుల్లి కారం నూనె చుక్కలు. ఇదంతా స్పందనకి తెలుసు. బౌల్స్‌లో సర్దుతుంటే పక్కనే నిలబడి చూసింది, పాత్రలు మోసింది, తిన్నది. కాజేయడానికి కావలసినంత చూసింది. సరే, ఈ దొంగతనం స్నేహితురాలిది అనుకుంటూ చరిత చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది.

ముందు ఉలవల పొగ. తర్వాత వెల్లుల్లి. ఆ తర్వాత పులుపు.

చెంచా కింద పెట్టింది.

చింతపండు పులుపు నాలుక వెనక కూర్చుంటుంది, ఓ పట్టాన లేవదు. ఇది అలా కాదు. నాలుక కొసని చురుక్కుమనిపించి, పోతూపోతూ చిన్న వగరు వదిలి వెళ్ళింది. ఇది చెర్రీ. మిషిగన్ పుల్ల చెర్రీ.

ఆ సంగతి స్పందనకి తెలియదు. ఎప్పుడూ తెలియదు. పోయినేడాది మంచు తుఫానులో రోడ్లు మూసేసిన రోజు, ఇంట్లో చింతపండు నిండుకుంటే, ఫ్రీజర్‌లో దాచిన చెర్రీలు నలిపి పోసింది చరిత. ఉత్తరాన తోటకి వెళ్ళి రవీ తనూ కోసుకొచ్చిన చెర్రీలు. ఉలవచారు కుదిరింది. కుదరడం కాదు, చింతపండు చేయలేని పని చేసింది. పాప్-అప్‌లకి చారు ఇంట్లోనే కాచి పట్టుకెళ్ళేది కాబట్టి స్పందన ఎప్పుడూ “నీ టామరిండ్‌లో ఏదో మ్యాజిక్ ఉంది చరీ” అంటుండేది. చరిత నవ్వి ఊరుకునేది. మన రెస్టారెంట్ ఓపెనింగ్ రోజు చెబుదాం, అందాకా నోరు విప్పకు అని రవితో అంది. చెర్రీలకి గింజలు తీసింది రవే. వేళ్ళు వారం రోజులు ఎర్రగా ఉండేవి.

“ఒక స్పూన్ తిని చూడు,” అంది చరిత, బౌల్ అతని వైపు జరిపి.

“వద్దులే.”

“ఒక్కటి.”

రవి తిన్నాడు. మింగాడు. నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు.

“బావుంది. చింతపండు కొంచెం ఎక్కువైంది,” అన్నాడు.

చరిత అతని చేతుల వైపు చూసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఈశ్వరుడు గింజలు తీసిన చెర్రీలు తినలేదు కదా.

“రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొస్తా,” అని లేచాడు రవి.

ఆ రెస్టారెంట్‌లో రెస్ట్‌రూమ్ తలుపు కనిపించదు. కొత్త ఫ్యాషన్. అప్పటికే ఒక తెల్లాయన దానికోసం గోడలు తడుముకుంటూ తిరిగి, చివరికి సిగ్గుపడుతూ సర్వర్ని అడిగాడు. రవి ఎవర్నీ అడగలేదు. టేబుళ్ళ మధ్య నుంచి తిన్నగా వెళ్ళి, ఇత్తడి గిన్నెల స్టాండ్ అంచు పట్టుకుని లాగాడు. స్టాండ్ తలుపులా తెరుచుకుంది. లోపలికి వెళ్ళిపోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి చరిత బౌల్ పక్కకి పెట్టేసి, రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి కూర్చుంది.

“ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకే దొరకలేదు ఆ తలుపు,” అంది. “నీకెలా దొరికింది?”

రవి కుర్చీ లాక్కుని కూర్చోబోయి ఆగాడు.

“కూర్చో. కేకలు వేయనులే. ఎన్నిసార్లు వచ్చావిక్కడికి?”

“చరీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“చారు ఇక్కడుంది, మాట కూడా ఇక్కడే. చెర్రీ సంగతి ఎప్పుడు చెప్పావ్?”

రవి గ్లాసులో ఐసు ముక్కల్ని కదిపాడు. “జనవరిలో,” అన్నాడు. “వాళ్ళు ఎంత ట్రై చేసినా ఆ టేస్ట్ రాలేదు. స్పందన కాల్ చేసింది. నీకు కాదు, నాకు.”

“నువ్వు ఎత్తావు.”

“నాకెవరూ కాల్ చేయని రోజులవి. రిక్రూటర్లు కూడా మానేశారు. ఎత్తాను.”

“ఏమిచ్చింది?”

రవి నాప్‌కిన్ మడతపెట్టడం మొదలుపెట్టాడు. జనవరి తర్వాత వాళ్ళింటికి కొత్తగా వచ్చింది ఒక్కటే, చరితకి అర్థమైంది.

“నీ ఉద్యోగం,” అంది. “కంపెనీ షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉందన్నావు. ఇంటి నుంచే పని అన్నావు.”

“ఆఫీస్ షామ్‌బర్గ్‌లోనే ఉంది. అబద్ధం కాదు. ఓనర్ ట్రాయ్‌లో ఉంటారు.”

“ఎవరు?”

“లక్ష్మీపతి అంకుల్.”

స్పందన నాన్న. రిటైరైన గుండె డాక్టర్. హాస్పిటల్స్‌కి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ ఒకటి పెట్టారని చరిత వినే ఉంది. ఈ రెస్టారెంట్‌కి డబ్బు పెట్టింది కూడా ఆయనేనని ఇప్పుడు తట్టింది. పండక్కి వాళ్ళింటికెళ్తే ఆయన చరిత నెత్తిమీద చెయ్యేసి, “నువ్వు మా అమ్మాయికి వంట నేర్పవమ్మా,” అనేవారు. నేర్పించుకున్నారు.

ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రి రవి ఏడ్చాడు. చరిత అతని తల ఒడిలో పెట్టుకుని, ఎంత కుమిలిపోయావో పాపం అనుకుంది.

“నా కోసం చేశావా?” అడిగింది ఇప్పుడు.

“మన కోసం. నాకు సొంత హెచ్‌వన్ ఉంటే రేపు నీ కంపెనీ నిన్ను తీసేసినా మనం ప్యాక్ చేసుకోనక్కర్లేదు. ఆలోచించు. ఒక్క వీసా మీద ఇద్దరం వేలాడుతున్నాం.”

“అడగాల్సింది. ఇచ్చేదాన్ని.”

“ఇచ్చేదానివి కాదు,” అన్నాడు రవి. మొదటిసారి తలెత్తి చూశాడు. “నీకూ తెలుసు. ఇల్లు అమ్మమంటే అమ్ముతావు, ఆ చారు మాత్రం ఇవ్వవు. ప్రతి పార్టీలో ఏం చేస్తున్నావ్ బ్రో అని అడుగుతారు. నేను చెప్పేలోపు నువ్వు చెప్తావు, రవి పాప్-అప్‌లో నాకు హెల్ప్ చేస్తున్నాడు అని. ఎంత ప్రేమగా చెప్తావో. నేను గిన్నెలు కడుగుతానని ఊరందరికీ తెలుసు.”

అతను చెప్పింది నిజమే కావడం అన్నిటికన్నా అన్యాయంగా అనిపించింది చరితకి.

అప్పుడు నీడ పడింది టేబుల్ మీద.

“చరీ. యూ కేమ్.” స్పందన. నల్ల ఏప్రన్, చెవులకి చిన్న ఇత్తడి రోకళ్ళు. అడక్కుండానే పక్క కుర్చీలో కూర్చుంది. “నేనే కాల్ చేద్దాం అనుకున్నా. ఐ స్వేర్. ఓపెనింగ్ అయ్యాక.”

“ఓపెనింగ్ రోజు చెర్రీ సంగతి చెబుదామనుకున్నాను నేను కూడా,” అంది చరిత. “నీకే.”

స్పందన రవి వైపు చూసింది. రవి గోడ వైపు చూశాడు.

“నువ్వు మ్యాడ్ అయ్యావు. ఓకే. ఫెయిర్. కానీ చరీ, నా సైడ్ కూడా విను. ఈ స్ట్రీట్‌లో లీజ్ ఎవరి కోసం వెయిట్ చేయదు. నీ గ్రీన్ కార్డ్ లైన్ ఎప్పుడు కదులుతుంది? నాకు పిల్లలు పుట్టి, వాళ్ళు కాలేజీకి వెళ్ళాక? అప్పుడు నువ్వు నాతో పార్ట్‌నర్ అవుతావా?”

“అందుకని మీ అమ్మమ్మ అయిందా పార్ట్‌నర్?”

“అది జస్ట్ మార్కెటింగ్.”

“ఆవిడకి చెప్పావా మరి? సూప్ తాగుతూ ఎక్కడైనా చదివితే కంగారుపడుతుంది.”

స్పందన మొహం ఎర్రబడింది. రవి అనుకోకుండా నవ్వబోయి నాలిక కరుచుకున్నాడు.

“నీ పేరు నేను పెట్టలేను,” అంది స్పందన, గొంతు తగ్గించి. “లీగల్‌గా పెట్టలేను. నువ్వే కదా వద్దన్నావు. పోస్టర్ మీద వద్దు, మెనూ మీద వద్దు. నేను నీ రూలే ఫాలో అయ్యాను.”

“పేరు వద్దన్నాను. నేనే లేనని చెప్పమనలేదు.”

“సేమ్ థింగ్ కదా.”

“కాదు స్పందూ. తెలుగు నీకు సగమే వచ్చు. అందుకని సగమే అర్థమైంది.”

పక్క టేబుల్ వాళ్ళు ఇటు తిరిగారు. స్పందన వాళ్ళకి చిరునవ్వొకటి పంపి, ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసింది. బల్ల కిందకి పట్టుకుని చరిత వైపు తిప్పింది.

వీడియో. బీరు కంపెనీ కౌంటర్. చరిత నవ్వుతూ ప్లేటు అందిస్తోంది, ఎవరిదో కార్డు తీసుకుని టాబ్లెట్ మీద పెడుతోంది. వెనక నుంచి రవి గొంతు: ‘షెఫ్ చరిత గారూ, ఇటు చూడండి.’ చరిత ఇటు చూసి చెంచాతో సెల్యూట్ కొట్టింది.

ఆ రోజు ఎంత సంతోషంగా ఉందో తను.

“ఇది రవి నాకు పంపాడు, లాస్ట్ సమ్మర్‌లోనే, ఫన్ కోసం,” అంది స్పందన. “నేను ఇది ఎవరికీ చూపించను. చూపించాలని లేదు. కానీ నువ్వు ఈ రెసిపీ నాది అని బయట అంటే, డాడ్ లాయర్ ఊరుకోడు. నువ్వు పాప్-అప్‌లో వర్క్ చేశావు అని నువ్వే చెప్తున్నట్టు అవుతుంది. అప్పుడు నీ హెచ్‌వన్ పోతుంది. రవిది నెక్స్ట్ వీక్ ఫైల్ చేస్తున్నారు, అది కూడా. ఇద్దరూ వెళ్ళిపోవాలి. అది నాకు ఇష్టం లేదు చరీ. నిజంగా.”

దొంగతనం వాళ్ళది. తేలు కుట్టింది మాత్రం తనని. అరవడానికి లేదు.

“హాయ్, సారీ. డిస్టర్బ్ చేస్తున్నానా?”

పొడుగాటి కుర్రాడు, గడ్డం, చేతిలో ఫోన్. స్పందన ఒక్క క్షణంలో మొహం మార్చేసింది. “వేదాంత్. సిటీ మ్యాగజైన్‌లో ఫుడ్ కాలమ్ రాస్తాడు. వేదాంత్, వీళ్ళు నా ఓల్డ్ ఫ్రెండ్స్.”

“నమస్తే ఆంటీ, నమస్తే అంకుల్,” అన్నాడు వేదాంత్. ఇక్కడ పుట్టిన తెలుగు. చరిత కన్నా ఎన్నో ఏళ్ళు చిన్న కాదు, అయినా మర్యాద మర్యాదే. “ఆంటీ, నాకు ఒక తెలుగు పర్సన్ కోట్ కావాలి. ఈ రామెన్ నాకు పిచ్చెక్కిస్తోంది. మా మామ్ ఉలవచారు చేస్తుంది, కానీ ఈ పులుపు వేరు. ఇది చింతపండు కాదు. స్పందన చెప్పట్లేదు, సీక్రెట్ అంటోంది. మీకు తెలుసా, ఇది ఏంటి? ఈ ఐడియా ఎవరిది?”

ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి ఉలవచారు పక్కన పెట్టాడు. ఎర్ర చుక్క వెలుగుతోంది.

మిగతావాళ్ళంతా తిని, బావుందని వెళ్ళిపోయారు. పులుపు మారిందని పట్టుకున్నవాడు ఈ ఒక్కడే. ఇంతకాలం చరిత ఎదురుచూసింది ఇలాంటి నాలుక కోసమే. ఒక్క మాట చాలు. నాది అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

రవి బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. గట్టిగా నొక్కలేదు. బతిమాలుకున్నట్టు వేశాడు.

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది చరిత.

“స్పందనదే,” అంది. “వాళ్ళ అమ్మమ్మగారిది.”

“ఓ వావ్. కోట్ చేయొచ్చా ఆంటీ? మీ పేరు?”

“పేరు వద్దు. ఓల్డ్ ఫ్రెండ్ అని రాసుకో.”

వేదాంత్ థ్యాంక్స్ చెప్పి ఇంకో టేబుల్‌కి వెళ్ళాడు. స్పందన చరిత భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మనసు మార్చుకుని ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది. “థాంక్యూ,” అంది మెల్లగా. “ఐ మీన్ ఇట్.”

చరిత కారు తాళాలు తీసుకుంది.

“నేనూ వస్తున్నా,” అన్నాడు రవి.

“నీకు ఈ ప్లేస్ బాగా తెలుసు కదా. ఉండు. తలుపులు కూడా తెలుసు.”

“చరీ, ఎలా రావాలి ఇంటికి?”

“మీ అంకుల్‌కి ఫోన్ చెయ్యి. ట్రాయ్‌లోనే ఉంటారుగా.”

బయట ఎండ మొహం మీద కొట్టింది. కారెక్కాక కూడా ఏడుపు రాలేదు. మిషిగన్ రోడ్ల మీద ఎడమకి తిరగాలంటే ముందు సిగ్నల్ దాటిపోయి, వెనక్కి తిరిగి, అప్పుడు మళ్ళీ కుడికి రావాలి. ఇన్నేళ్ళుగా అలవాటైన ఆ మలుపు ఇవాళ రెండుసార్లు తప్పింది. మూడోసారి మలుపు దగ్గర ఆగి ఉండగా ఫోన్ మోగింది. కారు స్పీకర్లో పేరు పలికింది. యజ్ఞనారాయణ. ఆఫీసులో తన మేనేజర్. ఈ దేశం వచ్చి జుట్టు నెరిసిన మనిషి, శనివారం ఎవరికీ ఫోన్ చేయని మనిషి.

“అమ్మా చరితా, ఇంట్లో ఉన్నావా? పక్కన ఎవరైనా ఉన్నారా?”

“లేరు సార్. డ్రైవింగ్‌లో ఉన్నాను.”

“అయితే ముందు పక్కన ఆపు.”

చరిత ఒక మూతపడ్డ కార్ల వర్క్‌షాప్ ముందు ఆపింది.

“నేను ఫోన్ చేసినట్టు ఎక్కడా అనకు. సోమవారం హెచ్‌ఆర్ వాళ్ళూ ఇమిగ్రేషన్ లాయరూ కలిసి నిన్ను పిలుస్తారు. నువ్వు ఎవరితోనో కలిసి బయట హోటల్ నడుపుతున్నావని కంపెనీకి మెయిల్ వచ్చింది. నాకు నమ్మకం లేదమ్మా. కానీ సిద్ధపడి రా.”

“ఎప్పుడొచ్చింది సార్?”

“గురువారం.”

గురువారం. ఇందాక తను మాట మింగేసి కాపాడుకున్నాననుకున్నది రెండు రోజుల కిందటే చేజారిపోయింది. బల్ల కింద ఫోన్ చూపించి స్పందన బేరమాడింది, తను ఒప్పుకుంది, ‘స్పందనదే’ అని రికార్డు కూడా అయిపోయింది. అంతా ఉత్తపుణ్యానికి.

“వీడియో ఉందా సార్ అందులో?” అంది. “కౌంటర్ దగ్గర నేను ప్లేట్ ఇస్తున్న వీడియో?”

“వీడియో ఏమీ లేదే. ఒక ఫొటో. వంటగది లోపల తీసింది.”

“లోపలా?”

“అవును. నువ్వు పొయ్యి ముందు ఉన్నావు. నీ పక్కన ఒకమ్మాయి నవ్వుతోంది, చెవులకి పెద్ద జూకాలు, ఎవరో నాకు తెలీదు. వెనక సింకు దగ్గర గిన్నెలతో మీ ఆయన. రవే కదా పేరు? ముగ్గురూ కెమెరా వైపు చూడటం లేదు. పంపినవాళ్ళ పేరు లేదు. చరితా, వింటున్నావా?”

వింటోంది. ఆ జూకాలు స్పందన పెట్టుకున్నది ఒక్క పాప్-అప్‌కే, చిట్టచివరిదానికి. ఆ సాయంత్రం బీరు కంపెనీ వాళ్ళంతా ముందే వెళ్ళిపోయారు. వంటగది వెనక తలుపుకీ ముందు తలుపుకీ లోపల నుంచి గడియ పెట్టింది తనే. లోపల ఉన్నది ముగ్గురే.

ముగ్గురూ ఫొటోలోనే ఉన్నారు.